గురువారం గది

థెల్మా గార్సైడ్‌కి అరవై తొమ్మిదో ఏడు నడుస్తుండగా స్నేహితులందరూ ఒక్క శీతాకాలంలో దూరమైపోయారు. ఎవరూ చనిపోలేదు. అందరూ అదే ఊళ్ళో ఉన్నారు. సూపర్‌మార్కెట్లో రొట్టెల దగ్గర ఎదురయ్యేవారు, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి తిరిగి వేరే వరసలోకి వెళ్ళిపోయేవారు.

మా థార్న్‌షా పెద్ద ఊరేమీ కాదు. యార్క్‌షైర్ లోయలో, మూతపడ్డ ఉన్ని మిల్లుల మధ్య, ఎటు నడిచినా ఎత్తు ఎక్కాల్సిన ఊరు. థెల్మా ఇక్కడే పుట్టింది. తల్లి మిల్లులో పనిచేసింది, తండ్రి కార్మికుల పార్టీ జెండా మోశాడు. థెల్మా పద్దెనిమిదో ఏట పార్టీలో చేరింది, బడి వంటగదిలో పనిచేసి రిటైరైంది. పెళ్ళి చేసుకుంది, విడిపోయింది, పిల్లలు లేరు. ఎవరైనా అడిగితే నాకు పార్టీ ఉంది, శరణాలయం ఉంది, ఇంకేం కావాలి అనేది.

ఆ శరణాలయం ఆమె, విన్నీ ఆక్‌రాయిడ్ కలిసి మొదలుపెట్టింది. ఇద్దరికీ అప్పుడు పాతికేళ్ళు కూడా లేవు. వాళ్ళ వీధిలో ఎడ్నా అనే ఆవిడని మొగుడు మెట్ల మీంచి తోసేస్తే, పోలీసులు వచ్చి, ఇది మీ ఇంటి గొడవ అని వెళ్ళిపోయారు. మర్నాడు థెల్మా, విన్నీ కలిసి మునిసిపాలిటీ వారి ఖాళీ ఇల్లు ఒకటి చూసుకుని, వెనక కిటికీ పగలగొట్టి లోపలికి దూరి, ఎడ్నానీ పిల్లల్నీ అక్కడ పెట్టారు. తరవాత ఇంకొకావిడ వచ్చింది, ఆ తరవాత మరొకావిడ. మొగుళ్ళు వచ్చి తలుపు బాదేవారు. తలుపుకి ఇవతల థెల్మా హాకీ కర్ర పట్టుకుని నిలబడేది. విన్నీ తలుపు సందులోంచి బూతులు తిట్టేది. ఆ తిట్లు విని లోపల ఏడుస్తున్న పిల్లలు నవ్వేవారు.

ఇల్లు ఖాళీ చేయించాలని చాలామంది చూశారు. అవతలి పార్టీ కౌన్సిలర్ గ్రెగరీ స్టాన్‌హోప్ అయితే అది కాపురాలు కూల్చే బడి అని సభలోనే అన్నాడు. కానీ ఇల్లు నిలబడింది. కొన్నాళ్ళకి సొంత భవనం వచ్చింది, కమిటీ వచ్చింది, జీతం తీసుకునే సిబ్బంది వచ్చారు. మారకుండా ఉన్నది ఒక్కటే, గురువారం మధ్యాహ్నం కూర్చునే గది. దెబ్బలు తిన్న ఆడవాళ్ళు గ్యాస్ హీటర్ చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చునేవారు. మాట్లాడాలనుకున్న వాళ్ళు మాట్లాడేవారు, లేనివాళ్ళు టీ తాగి వెళ్ళేవారు. ఆ పూట ఆ ఇంట్లోకి మగపురుగు రాకూడదు. ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ చెడిపోయినా సరే, బాగుచేసేవాణ్ణి శుక్రవారం రమ్మనేవారు. కొందరు నెలల తరబడి నోరు విప్పేవారు కాదు. ఒకరోజు విప్పేవారు. ఏది విప్పించిందో తనకి తెలుసు అనుకునేది థెల్మా. ఆ గదిలో మగ గొంతు వినపడదన్న నమ్మకమే అది.

రోవెనా పైక్ మా ఊరికి వచ్చి అప్పటికి నాలుగైదేళ్ళు అయివుంటుంది. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పని. యాభై దాటిన మనిషి, పొడుగ్గా, మెడలో ఎప్పుడూ ఏదో ఒక స్కార్ఫుతో, తగ్గిన గొంతుతో మాట్లాడేది. మగపిల్లవాడిగా పుట్టి, ముప్ఫై దాటాక ఆడదానిగా మారి, అప్పటినుంచీ అలాగే బతుకుతోంది. దాచేది కాదు, చాటేది కాదు. పార్టీలో చేరిన కొత్తలో ఆమెని థెల్మాతో జత చేసి కరపత్రాలు పంచడానికి పంపారు. రోవెనాకి కుక్కలంటే భయం. తలుపులో ఉత్తరాల సందులోంచి కరపత్రం తోస్తుంటే అవతల కుక్క మొరిగిందంటే వీధి దాకా పరిగెత్తుకొచ్చేది. కుక్కలున్న ఇళ్ళు నావి, మెట్లు ఎక్కువున్న ఇళ్ళు నీవి అని థెల్మా పంచేసింది. అలా మొదలైంది స్నేహం. వాన వచ్చినప్పుడు బస్ స్టాప్ కింద ఒక చిప్స్ పొట్లం ఇద్దరూ తినేవారు.

ఒక నవంబరు గురువారం, రెండు గంటల వేళ, గదిలో నసీమ్ అనే అమ్మాయి మాట్లాడుతోంది. చాలా వారాలుగా వచ్చి మౌనంగా కూర్చుని వెళ్ళే పిల్ల. ఆ రోజే మొదటిసారి భర్త పేరు నోట పలికింది. అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. థెల్మా లేచి వెళ్ళి తలుపు తీసింది.

గుమ్మంలో రోవెనా. స్కార్ఫు తలమీదికి లాక్కుంది. కింది పెదవి చీలి ఉంది, ఒక కన్ను సగం మూసుకుపోయి ఉంది. ఆమెతో ఉంటున్న డెస్మండ్ అన్నవాడి పని అది. అంతకు ముందూ చేశాడు, ఆమె ఎవరికీ చెప్పలేదు.

"ఇవాళ గురువారం కదా," అంది రోవెనా. "నేనూ వచ్చి కూర్చోనా?"

థెల్మా ఆమె చెయ్యి పట్టుకుంది. గుమ్మం నుంచి మాత్రం పక్కకి జరగలేదు.

"ఈ గదిలోకి కాదు రోవెనా," అంది. "కోటు తెచ్చుకుంటానుండు. మా ఇంటికి పోదాం పద."

రోవెనా ఎందుకని అడగలేదు. లోపలి గదిలో నసీమ్ మాట ఆగిపోయింది. థెల్మా వెనక్కి వెళ్ళి, అక్కడ పనిచేసే కెర్రీ అనే అమ్మాయికి గది అప్పగించి, కోటు తగిలించుకుని వచ్చింది. ఇద్దరూ గొడుగు కింద ఎత్తు ఎక్కి ఇంటికి నడిచారు.

రోవెనా థెల్మా ఇంట్లో కొత్త సంవత్సరం వెళ్ళేదాకా ఉంది. పోలీసు స్టేషనుకి ఆమెతో వెళ్ళింది థెల్మాయే. డెస్మండ్ ఇంటికి వెళ్ళి బట్టలు, గుండీల డబ్బా, తల్లి ఫొటో తెచ్చిందీ థెల్మాయే. వాడు గుమ్మంలో అడ్డం నిలబడితే, పక్కకి జరుగు నాయనా, నీకంటే పెద్దవాళ్ళని చూశాను అంది. వాడు జరిగాడు. క్రిస్మస్ రోజు ఇద్దరూ కాగితం టోపీలు పెట్టుకుని కోడి కాల్చుకు తిన్నారు. ఇల్లంతా చాలా ఏళ్ళకి మనిషి అలికిడితో ఉంది. మెట్లు దిగే చప్పుడు వినపడితే తనకి ఎంత బాగుండేదో థెల్మా తరవాత నాతో చెప్పింది.

వెళ్ళిపోయే ముందురోజు టీ దగ్గర రోవెనా ఆ మాట ఎత్తింది.

"ఇక్కడ నాకు మంచం ఇచ్చావు థెల్మా. అక్కడ కుర్చీ ఇవ్వలేదు."

థెల్మా తనకి తెలిసిన మాటల్లో చెప్పింది. ఆ గదికి వచ్చేవాళ్ళు ఒక్కొక్కరూ ఎలా వస్తారో, చిన్న చప్పుడుకి ఎలా ఉలిక్కిపడతారో చెప్పింది. "నిన్ను చూసి భయపడాలని కాదు. కానీ భయపడతారు. ఆ భయం తప్పని వాళ్ళకి పాఠం చెప్పడానికి కాదు కదా ఆ గది పెట్టింది. వాళ్ళని అలాగే ఉండనివ్వడానికి పెట్టింది."

"మరి నా భయం?"

"దానికి నేనున్నానుగా."

"నువ్వున్నావు," అంది రోవెనా. "ఆ రోజు ఆ వీధి దాకా ఎలా నడిచి వచ్చానో నీకు తెలీదు. ఆడదాన్ననే కొట్టాడు వాడు. ఆడవాళ్ళ దగ్గరికి వస్తే, నువ్వు వేరే అన్నావు. నువ్వు మంచిదానివి కాబట్టి మెల్లిగా అన్నావు, అంతే."

థెల్మా ఆమె కప్పులో ఇంకాస్త టీ పోసింది. మనసు మాత్రం మారలేదు. మర్నాడు రోవెనా కాలవ పక్కన అద్దె గది తీసుకుని వెళ్ళింది. వెళ్తూ కావలించుకుంది. కొన్నాళ్ళు ఆదివారాలు వచ్చి పోతూనే ఉంది.

గుమ్మంలో జరిగింది రోవెనా ఎవరికీ చెప్పలేదు. కెర్రీ చెప్పింది. చాడీలా కాదు, మనసులో మోయలేక చెప్పింది. అది పార్టీ శాఖకి చేరింది. ఫిబ్రవరి సమావేశంలో, ఊరి క్లబ్ మేడమీది గదిలో, శాఖ అధ్యక్షుడు కాలమ్ ఒక తీర్మానం చదివాడు. శరణాలయం తలుపులు ఆడదానిగా బతుకుతున్న ప్రతి ఒక్కరికీ తెరిచి ఉండాలని పార్టీ కోరుతోంది, కమిటీలో పార్టీ తరఫున కూర్చున్న థెల్మా గార్సైడ్‌ని వెనక్కి పిలుస్తోంది. కాలమ్‌కి ముప్ఫై ఏళ్ళు ఉంటాయి. బడిలో అతనికి అన్నం వడ్డించింది థెల్మాయే. చదువుతున్నంతసేపూ అతని చెవులు ఎర్రబడే ఉన్నాయి.

తీర్మానాన్ని బలపరిచేవారెవరని అడిగితే విన్నీ చెయ్యెత్తింది.

థెల్మా లేచి మాట్లాడింది. గట్టిగా కాదు. గది గురించే చెప్పింది. నసీమ్ పేరు చెప్పకుండా నసీమ్ గురించి చెప్పింది, ఆ గురువారం తరవాత ఆ పిల్ల మూడు వారాలు రాలేదని చెప్పింది. తలుపు దగ్గరికి వచ్చిన మనిషిని తాను వాన పాలు చెయ్యలేదని కూడా చెప్పబోయి, రోవెనా మూలన కూర్చుని ఉండడం చూసి ఆగిపోయింది. చేసిన సాయాన్ని ఆ మనిషి ముందే సాక్ష్యానికి పెట్టడం ఆమెకి నచ్చలేదు. కుర్రవాళ్ళలో ఒకరు, మీ మాటల వల్ల మనుషులు ప్రాణాలు తీసుకుంటున్నారు అన్నారు. ఎవరూ ఖండించలేదు. ఓట్లు పెట్టారు. గదిలో చేతులు లేచాయి, తీర్మానం నెగ్గింది. రోవెనా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి, అటూ ఎత్తలేదు, ఇటూ ఎత్తలేదు.

మెట్ల దగ్గర విన్నీ థెల్మా కోసం ఆగింది.

"ఏమే, ముందే నాతో అనకూడదూ," అంది థెల్మా. "అందరి ముందూ చెయ్యెత్తాలా?"

"అంటే వినేదానివా?" అంది విన్నీ. "డెబ్భై ఎనిమిదిలో ఆ ఇంట్లో ఆడవాళ్ళు నా గురించి ఏమన్నారో గుర్తుందా? ఆడవాళ్ళని ఇష్టపడే ఆడది రాత్రిళ్ళు ఇక్కడుంటే మాకు భయం అన్నారు. పిల్లలున్నారు, దాన్ని పంపెయ్యండి అన్నారు. అప్పుడు నువ్వే నా పక్కన నిలబడ్డావు. విన్నీ పోతే నేనూ పోతానన్నావు."

"అది వేరు విన్నీ."

"వాళ్ళూ అదే అన్నారు. ఇది వేరు అని."

"నువ్వు ఆడదానివి. వాళ్ళకి నువ్వు నచ్చలేదు, అంతే. నసీమ్‌ది నచ్చకపోవడం కాదు. ఒళ్ళు చెప్పే భయం అది, తల చెప్పేది కాదు."

"నన్ను చూసి వాళ్ళ ఒళ్ళు జలదరించలేదనుకున్నావా?" అంది విన్నీ. "నేను చూశానే ఆ మొహాలు."

ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. ఒకరి మాట ఒకరికి అర్థం కాక కాదు. అర్థమయ్యే, ఎవరి మెట్టు మీద వాళ్ళు ఉండిపోయారు. కిందనుంచి ఎవరో పిలిస్తే విన్నీ దిగి వెళ్ళింది.

ఎవరో ఆమె మీద పార్టీ పైవాళ్ళకి ఫిర్యాదు పంపారు. విచారణ తేలేదాకా థెల్మా సభ్యత్వం నిలిపివేశారు. అది తేలడానికి ఏడాది పైన పట్టింది. ఆమె మీద ఎవరూ రాళ్ళు వెయ్యలేదు, తలుపు మీద రాతలు రాయలేదు. ఫోన్ మోగడం ఆగిపోయిందంతే. పార్టీ వాళ్ళ వాట్సాప్ గుంపులోంచి పేరు తీసేశారు. ఎవరి అరవయ్యో పుట్టినరోజో అయిపోయాక ఫొటోల్లో చూసి తెలుసుకునేది. సోమవారం ఇది, బుధవారం అది అని యాభై ఏళ్ళుగా నిండి ఉన్న వారం ఒక్కసారి ఖాళీ అయిపోయేసరికి, ఉదయాలు ఎంత పొడుగ్గా ఉంటాయో ఆమెకి తెలిసొచ్చింది. రేడియో పెట్టి వంటగది తుడిచేది. తుడిచిందే మళ్ళీ తుడిచేది. రోవెనా ఆదివారాలు రావడం తగ్గింది. వస్తే ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకునేవారు.

అలాంటప్పుడు ఒక ఫోన్ వచ్చింది. ఫియోనా అనే ఆవిడ, ఆడవాళ్ళకే ప్రత్యేకంగా ఉండే చోట్ల కోసం పనిచేస్తున్న సంఘం నుంచి. మీకు జరిగింది విన్నాం, లీడ్స్‌లో సభ పెడుతున్నాం, మీరొచ్చి చెప్పాలి అంది. ఆవిడ గొంతులో ఆప్యాయత నిజమైనదే. నాలుగు నెలల్లో తనతో అంతసేపు మాట్లాడిన మనిషి ఆవిడే. థెల్మా సరేనంది.

హాలు నిండా ఆడవాళ్ళు. చాలామంది ఆమెలాంటివాళ్ళే. నర్సులు, టీచర్లు, పార్టీ విడిచినవాళ్ళు, పార్టీ విడవలేక ఉన్నవాళ్ళు. పక్కావిడ బిస్కెట్లు పంచింది. చాలా రోజులకి థెల్మా తన కథ సగంలో ఆపకుండా చెప్పుకుంది. అప్పుడు వేదిక మీదికి రమ్మన్నారు. వెళ్ళి కూర్చుంటే, పక్క కుర్చీలో గ్రెగరీ స్టాన్‌హోప్.

ముసలివాడయ్యాడు, చేతికర్ర వచ్చింది. ఆమెని గుర్తుపట్టలేదు. లేచి, తల్లుల కోసం, కూతుళ్ళ కోసం తన జీవితమంతా నిలబడ్డానని మొదలుపెట్టాడు. మధ్యలో గౌను తొడుక్కున్న మగవాళ్ళ మీద ఒక జోకు వేశాడు. గొంతు మార్చి, నడుం తిప్పి చూపించాడు. హాల్లో నవ్వు లేచింది. అందరూ నవ్వలేదు. కానీ హాలు నిండడానికి అందరూ నవ్వక్కర్లేదు. థెల్మాకి రోవెనా గుర్తొచ్చింది. వాచిన కంటితో, పొద్దున్నే, పాత నీలం గౌనులో మెట్లు దిగి వచ్చి, ఏం చెయ్యమంటావు, గుడ్లా, ఓట్సా అని అడిగే రోవెనా.

తన వంతు వచ్చినప్పుడు లేచింది.

"నేను గురువారం గది కోసం వచ్చాను," అంది. "ఆ గది ఆడవాళ్ళకే ఉండాలని ఇప్పటికీ అంటాను. కానీ ఈయన ఆ ఇంటినే మూయించాలని చూశాడు. ఇందాక ఈయన ఎవరినైతే చూపించి నవ్వించాడో, అలాంటి మనిషి నా ఇంట్లో ఉంది, నాతో తింది. ఆ నవ్వు నవ్వినవాళ్ళకి నేను చెప్పేదేమీ లేదు."

బ్యాగు తీసుకుని పక్క మెట్ల మీంచి దిగిపోయింది. ఎక్కడో రెండు చేతులు చప్పట్లు మొదలుపెట్టి ఆగిపోయాయి. బిస్కెట్లు పంచినావిడ గుమ్మం దాకా వెంట వచ్చి, అందరం నవ్వలేదమ్మా అంది. చూశాను, అంది థెల్మా.

ఆమె రైలు దిగేలోపే ఫొటో ఊరంతా తిరిగింది. వేదిక మీద, స్టాన్‌హోప్ పక్కన, ఆమె. ఫొటో తీసిన క్షణంలో అతను ఆమె వైపు వంగి నవ్వుతున్నాడు. మర్యాదకి ఆమె కూడా చిన్నగా నవ్వుతున్నట్టుంది. సాయంత్రం రోవెనా ఫోన్ చేసింది.

"ఆ ఫొటో నిజమేనా?"

"నిజమే. కానీ నేను లేచి వచ్చేశాను రోవెనా. అందరి ముందూ చెప్పి మరీ వచ్చేశాను."

"లేచి వచ్చిన ఫొటో ఎవరూ తియ్యలేదు," అంది రోవెనా. కోపంగా అనలేదు. నమ్మలేదనీ అనలేదు. నీ ఒంట్లో బాగుందా అని అడిగి పెట్టేసింది. వేసవిలో హల్ అనే ఊళ్ళో ఉద్యోగం దొరికి, సముద్రం వైపు వెళ్ళిపోయింది. చిరునామా పంపింది గానీ, రమ్మని రాయలేదు.

శరణాలయం సంగతి థెల్మాకి కెర్రీయే చెప్పింది, మందుల దుకాణం బయట ఆపి. కమిటీ చాలా గొడవపడి చివరికి రెండు రోజులు చేసింది. గురువారం మునుపటిలాగే, పుట్టుకతో ఆడవాళ్ళకి. మంగళవారం, ఆడదానిగా బతికే అందరికీ. రెండు రోజులూ వెళ్ళేవాళ్ళు కూడా కొందరున్నారట. నసీమ్ గురువారం వస్తోంది, ఇప్పుడు కొత్తవాళ్ళకి టీ తనే పోస్తోంది. రోవెనా ఉండి ఉంటే బాగుండేది అంది కెర్రీ. తర్వాత ఏడ్చింది. నావల్లే మీకు ఇదంతా అంది. థెల్మా ఆమె భుజం తట్టి, నీ వల్ల కాదే పిల్లా, నువ్వు చూసింది నువ్వు చెప్పావు అంది. ఇంటికి నడుస్తూ ఆలోచించింది. తాను అడిగిన గది ఉంది. రోవెనా అడిగిన కుర్చీ ఉంది. రెండిట్లోనూ తామిద్దరూ లేరు.

పార్టీ తీర్పు వచ్చింది. హెచ్చరిక. సభ్యురాలిగా ఉండవచ్చు, ఏ పదవీ చేపట్టకూడదు. ఆమె రాజీనామా చేస్తుందని కొందరు, ఇక అవతలివాళ్ళలో చేరుతుందని కొందరు అనుకున్నారు. ఆమె రెండూ చెయ్యలేదు. ఎందుకని నేనడిగితే, నాన్న పార్టీ కదా అంది మొదట. మళ్ళీ తనే, అది కాదు, ఇంకెక్కడికి పోను అంది.

మే నెలలో మునిసిపల్ ఎన్నికలు వచ్చాయి. ఎవరూ కరపత్రాలు పంచమని పిలవలేదు. పోలింగు రోజు ఉదయం వాన పడి వెలిసింది. పోలింగు పెట్టిన బడి గేటు బయట, ఎప్పటిలాగే, వచ్చిపోయే ఓటర్ల నంబర్లు పార్టీ తరఫున అడిగి రాసుకునే మనిషి కుర్చీలో కూర్చుని ఉంది. విన్నీ. కోటుకి పార్టీ రిబ్బను పువ్వు. మోకాళ్ళ మీద దుప్పటి. ఏడాదిలో బాగా చిక్కిపోయింది.

థెల్మా దగ్గరికి రాగానే విన్నీ తలెత్తింది. నంబరు అడగలేదు.

"అది నాకు తెలుసులే," అంది. "పొద్దున్నించీ ఒక్కదాన్నే ఉన్నాను. ఆ కుర్రది పదింటికి వస్తానని ఇంకా రాలేదు."

"మోకాలు ఎలా ఉంది?"

"ఆపరేషన్ అంటున్నారు. ఆ తేదీ వచ్చేలోపు నేనే పోతానేమో."

"నువ్వెక్కడికీ పోవు. మొండిదానివి," అంది థెల్మా.

"నీకంటేనా?"

లోపలికి వెళ్ళి ఓటు వేసి వచ్చింది. ఎవరికి వేసిందో ఎవరికీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. బయటికి వచ్చేసరికి విన్నీ పక్కనున్న ఖాళీ కుర్చీ మీద నీళ్ళు చేత్తో తుడుస్తోంది. థెల్మా కూర్చుంది. కాసేపు వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ చూశారు. ఫలానా ఆవిడ కొడుకు ఎంత ఎదిగాడో, ఫలానా ఆయన ఎంత వంగిపోయాడో చెప్పుకున్నారు. ఒక్కసారి విన్నీ, నేను అనుకున్నదే అనుకుంటున్నానే ఇప్పటికీ అంది. నేనూ అంతే అంది థెల్మా. ఆ తరవాత ఇద్దరూ ఆ ఊసు ఎత్తలేదు.

రావాల్సిన కుర్రది సైకిలు మీద వచ్చింది. చొక్కాకి రిబ్బను పువ్వు ఉంది. థెల్మాని చూసి గేటు దగ్గరే ఆగి, చేతిలో ఫోన్ తీసి ఏదో చూసుకుంటున్నట్టు నిలబడింది. విన్నీ రమ్మని చెయ్యి ఊపినా రాలేదు. థెల్మా లేచింది. కుర్చీ ఆ పిల్ల వైపు కాస్త జరిపింది.

"రేపు ఫోన్ చెయ్యనా?" అంది విన్నీ.

"చెయ్యి. ఇంట్లోనే ఉంటాను," అంది థెల్మా.

మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. ఆమె టోపీ పైకి లాక్కుని, బడి గోడ పక్కనుంచి ఎత్తు ఎక్కుతూ వెళ్ళిపోయింది.